సంతకం లేని జూనీ నగ: పాఠకుల సందేహాలకు సమాధానాలు

ప్రశ్న: అమెరికాలోని అల్బుకర్కీలో పాత వస్తువుల వేలంలో, అక్కడి ఆదివాసీ తెగల్లో ఒకటైన జూనీవారు చేసిన బ్రూచ్ ఒకటి కొన్నాను. రెక్కలు చాచి నిలబడిన నైఫ్‌వింగ్ అనే జూనీ దైవరూపం ఆకారంలో వెండి, దానిలో టర్కాయిస్, పగడం, ముత్యపుచిప్ప, నల్లని జెట్ రాయి పొదిగి ఉన్నాయి. వెనుక పేరు గానీ ముద్ర గానీ లేవు. ఇది 1940ల నాటిదని, పేరున్న ఒక కళాకారుడి పనేనని అమ్మినాయన గట్టిగా చెప్పారు. సంతకం లేని నగను ఏ ఆధారంతో నమ్మాలి?

సమాధానం: సంతకం లేకపోవడాన్ని మీరు లోపంగా భావిస్తున్నారు గానీ, ఆ కాలపు నగకు అదే సహజం. న్యూ మెక్సికో పడమటి అంచున, గాలప్ పట్టణానికి దక్షిణంగా ఉన్న ఆ తెగవారి ఊరు జూనీలో నగ వెనుక పేరు చెక్కడం 1970ల నుంచే విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. అంతకుముందు చేసినవాటిలో చాలా భాగం పేరు లేకుండానే ట్రేడర్ల చేతుల మీదుగా దుకాణాలకు వెళ్లిపోయాయి. కాబట్టి 1940ల నాటిదని చెప్పే నగ వెనుక తీర్చిదిద్దిన సంతకం కనిపిస్తే, నేనైతే దాన్నే ముందుగా అనుమానిస్తాను.

ఈ పేరులేనితనమే అమ్మేవారికి వెసులుబాటు కూడా. పాత నైఫ్‌వింగ్ కనబడితే చాలు, పేరుమోసిన కళాకారుల్లో ఒకరి పేరు దానికి తగిలిస్తారు. నైఫ్‌వింగ్ ఆకారం ఒక్కరి సొత్తు కాదు, ఎందరో చేశారు. పైగా 'ఒకరి పని' అన్న ఊహే చాలా పాత నగల విషయంలో సరిపడదు. 1920ల నుంచి దశాబ్దాలపాటు జూనీలో వ్యాపారం చేసిన సి. జి. వాలెస్ సేకరణలో రాతిపని జూనీ కళాకారుడిదీ, వెండిపని పొరుగు తెగ అయిన నవాహోల కంసాలిదీ అయిన నగలు ఉన్నాయి. భర్త వెండి చూసుకుంటే భార్య రాళ్లు కోసి పొదిగిన ఇళ్లు, అన్నదమ్ములు పని పంచుకున్న ఇళ్లు జూనీలో సర్వసాధారణం. ఎవరి చేతిపనో తెలిపే నమ్మకమైన ఆధారమంటే ఆ వాలెస్ సేకరణ వంటివే. ఆయన 1975లో అందులో కొంత ఫీనిక్స్‌లోని హర్డ్ మ్యూజియానికి ఇచ్చారు. మిగిలిన భాగాన్ని అదే ఏడాది సదబీ పార్క్ బెర్నెట్ సంస్థ వేలం వేసింది. అలాంటి ఆధారం ఒక్కటైనా చూపకుండా చెప్పిన పేరుకు మీరు అదనంగా ఒక్క డాలరు కూడా ఇవ్వనవసరం లేదు.

పేరును పక్కనపెట్టి చేతిపనిని చూడండి. పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం, అంటే లూపు ఒకటి కొనుక్కుంటే సగం పని పూర్తయినట్టే. జూనీ పొదుగుపని ముఖ్యంగా రెండు రకాలు. మొదటి దానిలో వెండి పలకపై సన్నని వెండి పట్టీలను నిలబెట్టి టంకం వేసి, వాటి మధ్య ఏర్పడిన గదుల్లో ఒక్కొక్క రాయినీ ఆ గదికి సరిపడేలా అరగదీసి కూర్చి, చివరకు రాయీ వెండీ ఒకే మట్టానికి వచ్చేలా సానపడతారు. దీన్ని చానల్ ఇన్‌లే అంటారు. రెండో దానిలో రాళ్ల మధ్య వెండి ఉండదు, రాయి పక్కనే రాయి చేరుతుంది. దీన్ని మొజాయిక్ అంటారు. చాలామంది వెండితోనే జూనీ పొదుగుపని మొదలైందనుకుంటారు గానీ, రాయిని రాయికి జతచేసే నేర్పు అక్కడ వెండికంటే ఎంతో పాతది. వెండిపని నవాహోల దగ్గరినుంచి జూనీకి వచ్చింది 1870లలోనే. 1917 నుంచి 1923 వరకు జూనీవారి పూర్వగ్రామమైన హవికూలో జరిగిన తవ్వకాల్లో, చెక్కమీద టర్కాయిస్ ముక్కలు పొదిగిన దువ్వెనలు బయటపడ్డాయి. మీ బ్రూచ్‌లో కనిపించే ఓర్పు ఆ దువ్వెనలు చేసినవారి నుంచి వస్తున్నదే.

నా దగ్గర సంతకం లేని ఒక పాత బెల్ట్ బకిల్ ఉంది. దానిలో ముత్యపుచిప్ప ముక్క ఒకటి మూల దగ్గర వెంట్రుకవాసి వంకరగా తెగింది. చేసినవారు ఆ ముక్కను పారేయలేదు. పక్కనున్న జెట్ ముక్కను ఆ వంకరకు తగ్గట్టు అరగదీసి, రెండింటి మధ్య గోరు కూడా పట్టనంత దగ్గరగా చేర్చారు. లూపు కింద ఆ మూల చూసిన ప్రతిసారీ నాకు ఆ చేతులు కనిపిస్తాయి. మీ బ్రూచ్‌లో వెతకవలసింది ఇలాంటిదే: ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు ఉండని ముక్కలు, ఒక్కొక్కటిగా నిలబెట్టి టంకం వేసిన పట్టీల అతుకులు, అయినా ఖాళీ లేని కూర్పు.

దీనికి పూర్తి విరుద్ధమైనదీ నాకు అనుభవమే. సేకరణ మొదలుపెట్టిన రోజుల్లో ఒక దుకాణంలో సూర్యముఖం ఉన్న ఉంగరాన్ని 'పాత జూనీ' అన్న మాట నమ్మి కొన్నాను. ఇంటికి వచ్చి లూపు కింద పెడితే వెండి గోడల మూలలన్నీ మైనంలా గుండ్రంగా ఉన్నాయి. అంటే గదులన్నీ కలిపి ఒకేసారి పోతపోశారన్నమాట. పగడమనుకున్న ముక్కలన్నిటిదీ ఒకే ఎరుపు, ఒకే నునుపు. ముక్కకూ గోడకూ మధ్య ఖాళీల్లో నల్లని జిగురు గడ్డకట్టి ఉంది. ఆ పగడం ప్లాస్టిక్. ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది. డబ్బు పోయినందుకు కాదు, ఎవరో ఒక జూనీ కుటుంబానికి చెందవలసిన గౌరవాన్ని అచ్చుపోసిన ముక్కకు ఇచ్చినందుకు.

కాలాన్ని అంచనా వేయడానికి వెనుక ఉన్న పిన్ను కూడా పనికివస్తుంది. తాళం లేని సాదా సి ఆకారపు కొక్కెం పాతకాలానికి, తిప్పి మూసే కొక్కెం తర్వాతి కాలానికి సూచన. కానీ విరిగిన పిన్నులను మార్చేస్తూ ఉంటారు కాబట్టి ఇది ఒక్కటే రుజువు కాదు. 'స్టెర్లింగ్' ముద్ర కూడా అంతే, అది లోహం సంగతి చెబుతుంది గానీ చేయి ఎవరిదో చెప్పదు.

ప్రశ్న: పాత జూనీ చేతిగాజు మీద వెండి నల్లబడింది. వెండి మెరుగుపెట్టే ద్రావణంలో ముంచవచ్చా? ఒక చిన్న టర్కాయిస్ ముక్క కదులుతోంది కూడా.

సమాధానం: దయచేసి ముంచకండి. టర్కాయిస్ లోపలికి ద్రవాలను పీల్చుకునే రాయి. చేతి నూనె, లోషన్ తగిలినా ఏళ్లు గడిచేకొద్దీ ఆకుపచ్చగా మారుతుంది. పగడమూ ముత్యపుచిప్పా సున్నపు పదార్థంతో ఏర్పడినవి కనుక, నిమ్మరసం, వినిగర్ వంటి పులుపు వాటి మెరుపును తినేస్తుంది. అల్ట్రాసోనిక్ యంత్రం పాత జిగురును ఊడగొడుతుంది. మెత్తని పొడిబట్టతో వెండి ఎత్తుభాగాలను మాత్రమే తుడవండి. లోతుల్లో చేరిన నలుపు ఆ నగ వయసులో భాగం, దాన్ని తీసేస్తే రూపమే పోతుంది. కదులుతున్న ముక్కను ఇంట్లో సూపర్‌గ్లూతో అతికించకండి. ఊడివస్తే చిన్న సంచిలో భద్రపరచి, పాత పొదుగు నగలు బాగుచేసే అనుభవజ్ఞులకు గాజుతో పాటు అప్పగించండి. ఆ ముక్క పోతే అదే రంగు, అదే గీతలున్న టర్కాయిస్ మళ్లీ దొరకడం దాదాపు అసాధ్యం.

ప్రశ్న: పాత నగల్లో తాబేటిచిప్ప ఉంటుందని విన్నాను. అలాంటిది ఇండియాకు తీసుకెళ్లవచ్చా? అలాగే, దైవరూపాలున్న నగలు ధరిస్తే జూనీవారికి అభ్యంతరం ఉంటుందా?

సమాధానం: కొన్ని పాత నగల్లో గోధుమరంగు చారలున్న తాబేటిచిప్ప నిజంగానే ఉంటుంది. సముద్రపు తాబేళ్లు, అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ అంతర్జాతీయ ఒప్పందపు మొదటి అనుబంధంలో ఉన్నాయి కాబట్టి, ఆ చిప్ప ఉన్న నగను అనుమతిపత్రాలు లేకుండా దేశం దాటించడం నేరమవుతుంది. గుర్తుపట్టలేకపోతే ప్రయాణంలో వెంట తీసుకెళ్లకండి.

రెండో ప్రశ్నకు కాస్త నిదానంగా జవాబు చెప్పాలి. నైఫ్‌వింగ్, రెయిన్‌బో మ్యాన్, సూర్యముఖం వంటి రూపాలతో జూనీ కళాకారులు అమ్మకం కోసమే నగలు చేశారు, నేటికీ చేస్తున్నారు. వాటిని గౌరవంతో ధరించడంలో తప్పులేదు. కానీ ఆరాధనకు చెందిన వస్తువుల సంగతి పూర్తిగా వేరు. అహయూద అనే కొయ్య యుద్ధదేవతలు జూనీ ప్రజలందరి ఉమ్మడి ఆస్తి. వాటిని గుడిస్థలాల్లో ఉంచి ప్రకృతిలో కలిసిపోనివ్వాలన్నది వారి ఆచారం, వాటిని అమ్మే హక్కు ఏ ఒక్కరికీ లేదు. స్మిత్సోనియన్ సంస్థ తన దగ్గరున్న వాటిని 1987లో జూనీకి తిరిగి అప్పగించింది. ఎవరైనా అలాంటివి అమ్మకానికి చూపిస్తే కొనకండి. ఎంత పాతదైనా అది దొంగిలించినదే. జూనీకి వెళ్తే అషివి అవాన్ మ్యూజియంలో ఈ విషయాలను వారి మాటల్లోనే తెలుసుకోవచ్చు.

ప్రశ్న: దుకాణదారు 'జూనీ శైలి' అంటున్నారు. 'జూనీ' అనడానికీ దీనికీ తేడా ఉందా?

సమాధానం: చాలా ఉంది. అమెరికాలో 1990 నాటి ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ చట్టం ప్రకారం, గుర్తింపు పొందిన తెగల వారు చేయని వస్తువును వారు చేసినట్టుగా అమ్మడం నేరం; మొదటిసారి పట్టుబడ్డ వ్యక్తికి 2,50,000 డాలర్ల దాకా జరిమానా, అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. 'శైలి' అన్న మాట చాలాసార్లు ఆ చట్టం నుంచి తప్పించుకోవడానికే వస్తుంది. ఫిలిప్పీన్స్‌లో తయారుచేయించిన నగలను అమెరికన్ ఇండియన్ నగలుగా అమ్మినందుకు అల్బుకర్కీకి చెందిన ఒక వ్యాపారికి 2018లో ఆరు నెలల జైలుశిక్ష పడింది. కనుక ధర అడగడానికి ముందే ఒక రసీదు అడగండి. అందులో 'జూనీ కళాకారులు చేసినది' అన్న మాట, లోహం, రాళ్ల పేర్లు, రాయి సహజమైనదో గట్టిపరచినదో పొడి కలిపి అచ్చుపోసినదో స్పష్టంగా రాయమనండి. నోటితో చెప్పినదాన్ని కాగితం మీద పెట్టడానికి వెనుకాడితే, నగ ఎంత అందంగా ఉన్నా అక్కడే వదిలేసి రండి.