ఓడలో ఫార్మల్ డిన్నర్‌కి ఏం కట్టుకోవాలంటే

చి.ల.సౌ. చెల్లికి,

అక్క దీవించి రాసేది. మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినప్పుడు వంట మధ్యలో ఉండి ఏదో ఒకటి చెప్పి పెట్టేశాను. తర్వాత నీ గొంతులో టెన్షన్ గుర్తొచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. "అబ్బాయి అలాస్కా క్రూజ్ బుక్ చేశాడక్కా, అందులో రెండు రాత్రులు ఫార్మల్ డిన్నర్ అట, గౌను కొనుక్కుందాం అత్తయ్యా అంటోంది కోడలు" అన్నావు. అరవై రెండేళ్ళకి గౌను అనేసరికి నీకు నిద్ర పట్టి ఉండదు. గౌను కొనకు. చీరే కట్టుకో. కాకపోతే ఏ చీర, ఎలా కట్టాలి అన్నదాంట్లోనే ఉంది సంగతంతా. నాలుగు ఓడలెక్కి, అందులో రెండుసార్లు నవ్వులపాలైనదాన్ని కాబట్టి ఈ విషయంలో నా మాట విను.

ఓడలో పెద్ద భోజనాల హాలు ఒకటి ఉంటుంది. రోజూ రాత్రి అక్కడ బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఒకటి తర్వాత ఒకటి తెచ్చి వడ్డిస్తారు. మామూలు రోజుల్లో శుభ్రమైన బట్టలుంటే చాలు. మగవాళ్ళు నిక్కర్లూ హవాయి చెప్పులతో రాకూడదంటారు, అంతే. ఫార్మల్ నైట్ రోజు మాత్రం మన రిసెప్షన్‌కి వచ్చినట్టు వస్తారు. ఆడవాళ్ళు పొడుగు గౌన్లు, మగవాళ్ళు సూట్లు, కొందరు నల్ల కోటుకి బో టై కూడా కడతారు. మీది ప్రిన్సెస్ వాళ్ళ ఓడ అన్నావు కదా, వాళ్ళకి వారం రోజుల ప్రయాణంలో మామూలుగా రెండు ఇలాంటి రాత్రులుంటాయి. కంపెనీని బట్టి పట్టింపు మారుతుంది. కార్నివాల్ వాళ్ళు ఎలిగెంట్ నైట్ అంటారు, సెలబ్రిటీ వాళ్ళు ఈవెనింగ్ షిక్ అని పేరు పెట్టి కొంచెం సడలించారు, నార్వీజియన్ వాళ్ళకైతే ఫార్మల్ వేసుకోవాలన్న నియమమే లేదు. ఎవరికైనా ఆ పూట ముస్తాబు ఓపిక లేకపోతే పైన బఫేలో తినేయొచ్చు. ఎవరూ ఏమీ అనరు. ఆ మాట మరిదిగారికి ఇప్పుడే చెప్పకు, రెండు రాత్రులూ బఫేకే పోదాం అంటారు.

ఓడ ఎక్కిన రాత్రి ఫార్మల్ ఉండదు. పెద్ద సూట్‌కేసులు రేవు దగ్గరే అప్పగిస్తాం, అవి మన గది ముందుకి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. ఒక్కోసారి భోజనాలు మొదలయ్యాక కూడా వస్తాయి. అందుకని ఆ రాత్రి కట్టుకునే చీర, బీపీ మాత్రలు చేతి సంచిలోనే ఉండాలి. రెండో రోజు సంగతి జాగ్రత్తగా విను. సియాటిల్‌లో బయల్దేరిన ఓడ వాంకూవర్ ద్వీపానికి పడమటి వైపు నుంచి, అంటే తిన్నగా పసిఫిక్ మీదుగా పైకి వెళ్తుంది. దిగి చూడటానికి ఆ రోజు ఊరేదీ ఉండదు. అందరికీ తీరిక కాబట్టి మొదటి ఫార్మల్ నైట్ ఎక్కువగా ఆ రోజే పెడతారు. తమాషా ఏమిటంటే వారం మొత్తంలో ఓడ బాగా ఊగేదీ మామూలుగా ఆ రోజే. ఊగే ఓడలో మెట్లు దిగుతుంటే ఒక చెయ్యి రెయిలింగ్ మీద ఉండాలి, ఇంకో చెయ్యి కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకోవాలి. పర్సుకి మూడో చెయ్యి లేదు. అందుకే చేత్తో పట్టుకునే జరీ పర్సు ఇంట్లో పెట్టేసి, భుజాన అడ్డంగా వేసుకునే చిన్న సంచి ఒకటి తెచ్చుకో.

నా మొదటి ఓడలో ఏం జరిగిందో నీకెప్పుడూ చెప్పలేదు. అమ్మాయి పెళ్ళికి కొన్న కంచిపట్టు, జానెడు అంచుది, అది కట్టుకుని ఒంటిపొర వేసుకుని వెళ్ళి కూర్చున్నాను. అక్కడ మనం కూర్చునేటప్పుడు వెయిటర్ వెనక నుంచి కుర్చీని ముందుకి జరుపుతాడు. పాపం మర్యాదకే జరిపాడు. కుర్చీ కోడు వచ్చి నా కొంగు మీద ఎక్కింది. నాకు తెలియదు. ఐస్‌క్రీం దాకా అంతా బాగానే నడిచింది. చివరికి లేచి నిలబడ్డాను చూడు, భుజం దగ్గర పిన్ను చీరని వదల్లేదు, కింద కుర్చీ కొంగుని వదల్లేదు. బల్ల చుట్టూ ఉన్న ఎనిమిది మందికీ వినపడేట్టు పర్రుమంది. నాలుగు వేళ్ళ వెడల్పున చిరిగింది. మీ బావగారు కోటు విప్పి నా భుజాన కప్పితే, అలాగే గదికి నడిచాను. తర్వాత రఫ్ఫు చేయించినా ఆ మచ్చ పోలేదు.

కాబట్టి ఒంటిపొర వద్దు. పైట మడతలు పెట్టి, జాకెట్టుకి లోపలి వైపు నుంచి పిన్ను పెట్టుకో. కొంగు మోకాలు దాటకుండా చూసుకో. కూర్చునే ముందు చెంగు ముందుకి లాగి ఒళ్ళో వేసుకుని, ఆ తర్వాత కుర్చీ జరపనివ్వు. కుచ్చిళ్ళు నేల మీద జీరాడకుండా వేలెడు పైకి కట్టుకో. మామూలుగా పెళ్ళికి కట్టుకున్నట్టు మడమ కప్పేలా కడితే తివాచీ మీద కాలికి తగులుకుంటుంది. కుచ్చిళ్ళకి కూడా ఒక పిన్ను. చెప్పులు మడమ వెనక పట్టీ ఉన్నవి, అడుగు బల్లపరుపుగా ఉన్నవి తీసుకో. లంగా మాత్రం నూలుదే కట్టుకో, శాటిన్‌ది అయితే ఊగినప్పుడల్లా చీర జారుతుంది.

ఇక ఏ చీర? నన్నడిగితే మొదటి రాత్రికి ఉప్పాడ జాందానీ. తేలిక, మడిస్తే చిన్న పొట్లమంత అవుతుంది, ఆ దీపాల కింద జరీ బుటాలు కంచిపట్టుకి ఏమీ తీసిపోవు. రెండో రాత్రికి పోచంపల్లి పట్టు. ఆ ఇక్కత్ రంగులు చూసి పక్క బల్లవాళ్ళు లేచి వచ్చి అడుగుతారు. దారాన్ని నేతకి ముందే ముడులు కట్టి రంగులో ముంచుతారని చెబితే నోరు తెరుస్తారు, అదొక సరదా. గద్వాల కూడా నాకిష్టమే గానీ ఒళ్ళంతా నూలు కదా, సూట్‌కేసులో నలిగిందంటే ఇస్త్రీ లేకుండా దారికి రాదు.

ఇస్త్రీ అంటే గుర్తొచ్చింది. రెండో ఓడకి నేను తెలివిగా చిన్న ఇస్త్రీ పెట్టె తీసుకెళ్ళాను. సామాను స్కానింగ్‌లోనే పట్టుకుని, దిగేటప్పుడు ఇస్తామని తీసేసుకున్నారు. సముద్రం మధ్యలో అన్నిటికన్నా భయం నిప్పుకే కాబట్టి గదుల్లో ఇస్త్రీ పెట్టెలు ఒప్పుకోరు. ఆవిరితో చేసే స్టీమర్లూ ఒప్పుకోరు. ప్రిన్సెస్ ఓడల్లో చాలావాటిలో బట్టలు ఉతుక్కునే గదులు, అందులో ఇస్త్రీ బల్ల ఉంటాయి గానీ, ఫార్మల్ నైట్ సాయంత్రం వెళితే రేషన్ షాపు ముందు ఉన్నట్టు ఉంటుంది. పొద్దున్నే టిఫిన్ టైంలో వెళ్ళు. అసలు అదీ అక్కర్లేదు. నాన్న ఆఫీసు పంచెలు అమ్మ ఏం చేసేదో గుర్తుందా? తడిగా ఉండగానే చదునుగా మడిచి రాత్రి పరుపు కింద పెట్టేది, తెల్లారేసరికి చెంబుతో ఇస్త్రీ చేసినట్టు ఉండేవి. పట్టుని తడపకు గానీ, గదికి వెళ్ళగానే విప్పి, మడత మార్చి పరుపు కింద పెట్టు. ఒక్క రాత్రి మీరిద్దరూ దాని మీద పడుకుంటే చాలు. చీర మడతల మధ్య ఒక పాత నూలు పంచె పెట్టి సర్దితే ఆ మాత్రం నలుగుడు కూడా ఉండదు.

మీ బావగారూ నేనూ సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి క్వీన్ మేరీ 2 ఎక్కాం చూడు, ఏడు రాత్రుల ప్రయాణం, అది కునార్డ్ వాళ్ళది. పట్టింపంటే వాళ్ళదే. సాయంత్రం 6 దాటితే నిక్కర్లూ టీషర్టులతో చాలా హాళ్ళలో తిరగనివ్వరు. వాళ్ళ ఫార్మల్ రాత్రుల్ని గాలా రాత్రులంటారు, వాటికి రంగులు కూడా చెబుతారు. ఒకటి ఎరుపూ బంగారమూ అన్నారు. హమ్మయ్య, మన పెళ్ళిచీరలన్నీ అవే కదా. రెండోది నలుపూ తెలుపూ. నాకు గుండె ఆగినంత పనైంది. నల్లచీర కడితే అమ్మమ్మ పైలోకం నుంచి దిగివచ్చి కేకలేస్తుంది. తెల్లచీర కట్టుకుని ఆయన పక్కన నడవడానికి నాకే మనసొప్పలేదు. చివరికి తేలియా రుమాల్ నమూనా చీర కట్టాను, పుట్టపాక వాళ్ళు నేస్తారే, నలుపూ తెలుపూ ఎరుపూ కలిసిన గళ్ళు. నల్లగా ఉందంటే ఉంది, లేదంటే లేదు. నుదుట పెద్ద బొట్టు పెట్టుకున్నాను. ఆ రాత్రి హాల్లో ఒక స్కాట్లండ్ పెద్దాయన గళ్ళ కిల్ట్, అంటే అక్కడి మగవాళ్ళు కట్టే లంగాలాంటిది, కట్టుకొచ్చి, నా చీర గళ్ళూ తన గళ్ళూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసుకుంటానన్నాడు. దేశవాళీ దుస్తులు ఫార్మల్‌గా చెల్లుతాయని వాళ్ళ నియమాల్లోనే ఉంది.

అందుకే మరిదిగారి సంగతిలో కూడా కంగారు పడకు. ఆయన రిసెప్షన్ సూటు ఇప్పుడు బొత్తాం పడదని నాకు తెలుసు, నువ్వు చెప్పక్కర్లేదు. కొత్త సూటు ఆ రెండు రాత్రుల కోసం కుట్టించడం దండగ. ముదురు రంగు బంద్‌గలా కోటు, అదే మనం జోధ్‌పురి అంటామే, అది ఒకటి కుట్టించండి. టై బాధ ఉండదు, తర్వాత మనవడి పెళ్ళి దాకా పనికొస్తుంది. పట్టు పంచె, లాల్చీ, కండువా కూడా బాగుంటాయి గానీ, ఆ ఊపులో పంచె మీద నాకు నమ్మకం లేదు. తప్పదంటే నడుం దగ్గర అంటించుకునే వెల్‌క్రో పంచె కొనండి, దాని మీద బెల్టు పెట్టుకోమను. మరీ ముఖ్యంగా బూట్లు. ఆయన ఎక్కడికైనా సాండిల్స్‌తోనే వచ్చేస్తారు. నల్లటి తోలు బూట్లు, నల్ల సాక్సులు నువ్వే సూట్‌కేసులో పెట్టు. అలాస్కాలో కెచికన్ అనే రేవు ఊళ్ళో ఎప్పుడూ వానే కాబట్టి పగలు తిరగడానికి వేరే జత ఎలాగూ కావాలి. బీరువా చిన్నది, వానకోట్లూ స్వెట్టర్లే సగం తినేస్తాయి. ఫార్మల్‌కి ఇద్దరికీ రెండేసి జతలు మించొద్దు.

కోడలు తనకి గౌను కొనుక్కుంటానంటే కొనుక్కోనీ, దానికి అడ్డు చెప్పకు. మనవరాలికి పట్టులంగా తీసుకెళ్ళు. ఆ రాత్రి ఓడలో సగం మంది దాన్నే ముద్దు చేస్తారు.

నగలు ఎక్కువ వద్దు. మెడలో నల్లపూసలూ మంగళసూత్రం, ఒక నెక్లెస్, చెవులకి జుంకీలు, రెండు గాజులు. మిగతాది వన్‌గ్రాం గోల్డ్ అయినా అక్కడెవరూ గీటురాయి పట్టుకుని కూర్చోరు. గదిలో చిన్న లాకర్ ఉంటుంది, నిద్రపోయే ముందు అందులో పెట్టేయ్. శాలువా మాత్రం మర్చిపోకు. హాల్లో ఏసీ గడ్డకట్టిస్తుంది, బయట డెక్ మీద గాలి పైటని జెండాలా ఎగరేస్తుంది. జూన్‌లో అక్కడ రాత్రి 10 దాకా వెలుగు ఉంటుంది కాబట్టి భోజనం అయ్యాక డెక్ మీదకి పోదాం అంటారు, పో. కోడలి ఫోన్‌లో తీయించుకునే ఫోటోలు అక్కడే బాగా వస్తాయి. లోపల ఫార్మల్ నైట్ రోజు ఓడ వాళ్ళే తెరలు కట్టి, దీపాలు పెట్టి ఫోటోలు తీస్తారు. తీయించుకోవడానికి డబ్బు అడగరు. కావాలంటేనే కొనుక్కోవాలి. మొహమాటపడి అన్నీ కొనకు, నచ్చింది ఒక్కటి తీసుకో.

తిండి సంగతి మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌కి చెప్పాలి, శాకాహారం అని. అడిగితే మర్నాటికి ఏదో ఒక పప్పో కూరో వండి పెడతారు. పట్టుచీర మీద వెన్నగానీ నూనెగానీ పడితే నీళ్ళతో రుద్దకు. గదికొచ్చి టాల్కం పౌడర్ చల్లి పొద్దున దులిపేస్తే చాలావరకు పీల్చేస్తుంది. నువ్వు సీసాలో తెస్తానన్న ఆవకాయ మాత్రం ఫార్మల్ నైట్ నాడు బల్ల మీదకి తీయొద్దు తల్లీ.

ఆఖరి రాత్రి కూడా ఫార్మల్ ఉండదు. పడుకునే ముందు సూట్‌కేసులు తలుపు బయట పెట్టేయాలి, వాళ్ళు రాత్రికి రాత్రే కిందికి చేర్చేస్తారు. మూడో ఓడలో మీ బావగారు చాలా పద్ధతిగా అన్నీ సర్ది, జిప్ వేసి, తాళం పెట్టి బయట పెట్టేశారు. తెల్లవారి లేచి చూస్తే ఒంటి మీద లుంగీ, బనీను తప్ప ఆయనకి వేసుకోవడానికి ఒక్క గుడ్డ లేదు. నా శాలువా కప్పుకుని, లుంగీతోనే కస్టమ్స్ దాకా నడిచారు. ఆ ఆఫీసరు పాస్‌పోర్ట్ ఫోటో ఒకసారి, లుంగీ ఒకసారి చూశాడు. కాబట్టి మర్నాడు పొద్దున వేసుకునేవి ఇద్దరివీ ముందే తీసి కుర్చీ మీద పెట్టు, మరిదిగారిని ఆ పూట సూట్‌కేసు ముట్టుకోనివ్వకు.

ఇంకొక్క మాట. ఉప్పాడ చీర కొనడానికి నువ్వు బజారు కెళ్ళక్కర్లేదు. మీ గృహప్రవేశానికి నా దగ్గర తీసుకున్న నెమలికంఠం రంగుది రెండేళ్ళుగా నీ బీరువాలోనే ఉంది. అదే కట్టుకో. ఫోటో తీయించి పంపు. వచ్చేటప్పుడు చీర కూడా తెచ్చివ్వు, ఈసారి మర్చిపోయానంటే కుదరదు.

ఆశీస్సులతో,
అక్క