చలి పోయి వసంతం వచ్చే రోజుల మీద శ్రీకాకుళం వైపు సరదా సామెతలు ఏమున్నాయి?

మన వైపు ఇలాంటి మాటలు ఎక్కువగా చలిని సాగనంపేవే. కోయిలా మావిచిగురూ కవుల వంతు. పల్లెకు కావాల్సింది దుప్పటి మడత పెట్టేయొచ్చా లేదా అన్నది.

‘సంక్రాంతికి చంక ఎత్తనివ్వదు, శివరాత్రికి శివశివా అని పోతుంది’ అంటారు. పోయేది చలే, కానీ దాని పేరు ఎక్కడా చెప్పరు. పొడుపుకథలా వినేవాళ్లే పట్టుకోవాలి. చేతులు ముడుచుకుని వణికే మనిషి, దేవుణ్ణి తలుచుకుంటూ పారిపోయే చలి, రెండూ కళ్లకు కడతాయి. సంక్రాంతికి చంక, శివరాత్రికి శివశివా అని శబ్దం కలిసింది కాబట్టి పిల్లలు ఒక్కసారి వింటే మరిచిపోరు. లెక్కా సరైనదే: ఈ రెండు పండగల మధ్య మన దగ్గర పగలు దాదాపు అరగంట పెరుగుతుంది.

‘మాఘమాసానికి మాకులు వణుకుతాయి’ అన్నది ఇంకొకటి. చెట్లకే చలి పుట్టించారు! నాకు ఇదే ఎక్కువ ఇష్టం. అరసవల్లిలో రథసప్తమి జరిగేదీ, ఉద్దానంలో జీడిమామిడి పూత కనిపించేదీ ఆ నెలలోనే.

ఊరు మారితే మాట కొంచెం మారుతుంది. మీ ఇంట్లో అమ్మమ్మ ఉంటే ఆమె ఎలా అంటుందో అడిగి రాసిపెట్టుకోండి.