యూటా కాన్యన్లలో దారి తప్పితే ఎలా వెతుకుతారు? మనం ఎప్పుడు ఫోన్ చేయాలి, వాళ్లు ఏం చేయాలి?

మీరు అడిగినవి మూడు. అరిజోనాలోని టెంపీ నుంచి యూటాలోని ఎస్కలాంటే ఊరి వైపు కాన్యన్లకు (నిటారు గోడల లోయలకు) వెళ్తున్న మీ స్నేహితులు నలుగురూ దారి తప్పితే ఎలా వెతుకుతారు, మీరు ఎంతసేపు చూసి ఫోన్ చేయాలి, వాళ్లు నడుస్తూ పోవాలా లేక ఒకచోట కూర్చోవాలా. మూడింటి జవాబూ ఒకే లెక్కలోంచి వస్తుంది, అందుకే ముందు లెక్క చెప్తాను.

ఆ నేలమీద మనిషి గంటకు 3 కిలోమీటర్లు నడుస్తాడనుకోండి. ఆఖరిసారి కనబడిన చోటు నుంచి గంట గడిచేసరికి అతను ఉండగల వలయం దాదాపు 28 చదరపు కిలోమీటర్లు. ఆరు గంటలు గడిస్తే అది వెయ్యి దాటుతుంది. గోడలూ లోయలూ అడ్డం కాబట్టి నిజంలో అంత పెరగదు. కానీ పెరిగే తీరు అదే, సమయం రెట్టింపయితే వెతకాల్సిన చోటు నాలుగింతలు. గాలింపు అంటే ఈ వలయాన్ని కుదించడమే. మీరు తొందరగా ఫోన్ చేసినా, వాళ్లు కదలకుండా కూర్చున్నా, ప్రయాణం వివరాలతో ముందే కాగితం రాసిపెట్టినా జరిగేది అదే.

ముందు ఆ కాగితం సంగతి. “వీకెండ్ యూటా ట్రిప్” అని వాట్సాప్‌లో పెట్టిన స్టేటస్ దేనికీ పనికిరాదు. ఏ ట్రెయిల్‌హెడ్‌లో (నడకదారి మొదలయ్యే చోట) కారు ఆపుతారు, కారు రంగు, నంబరు ప్లేటు, ఏ కాన్యన్లోకి దిగి ఎటునుంచి పైకొస్తారు, వాన వస్తే మార్చుకునే రెండో ప్లాన్ ఏమిటి, ఎన్ని గంటలకు కచ్చితంగా వెనక్కి తిరుగుతారు, ఎప్పటికల్లా మీకు ఫోన్ రాకపోతే మీరు షెరిఫ్‌కు (కౌంటీ, అంటే అక్కడి జిల్లా, పోలీసు అధికారికి) చెప్పాలి, ఇవన్నీ రాయించండి. ఆ టైం పక్కన ఏ రాష్ట్రం టైమో కూడా రాయించండి. అరిజోనాలో ఎక్కువ భాగం గడియారం మార్చదు, యూటా మారుస్తుంది. మార్చి నుంచి నవంబరు దాకా యూటా ఒక గంట ముందుంటుంది, సరిహద్దు దగ్గర ఫోన్ ఏ టవరు పట్టుకుంటే ఆ టైం చూపిస్తుంది. “ఆదివారం రాత్రి 8, యూటా టైం” అని స్పష్టంగా ఉండాలి.

మనవాళ్ల విషయంలో ఇంకొకటి ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందూ పేరు వెనకా, లేదా రెండూ కలిసిపోయి ఉంటాయి. షెరిఫ్ ఆఫీసు రికార్డులో ఉన్న పేరే గాలించేవాళ్లు అరుస్తారు. స్నేహితులు చిన్నూ అని పిలిచే మనిషిని ఇంటిపేరుతో పిలిస్తే, నీరసంతో తల తిరుగుతున్నవాడికి అది తననే అని వెలగకపోవచ్చు. ఇంట్లో పిలిచే పేరు, అది ఎలా పలకాలో కూడా చెప్పండి.

చొక్కా, టోపీ, బ్యాగు, టెంటు రంగులు రాయించండి. వేసుకునే మందులు, ఫోన్ కంపెనీ, శాటిలైట్ పరికరం ఉంటే దాని వివరం కూడా కావాలి. అన్నిటికంటే ముఖ్యం షూ అడుగు ముద్ర. తువ్వాలును మడిచి నేలమీద పరిచి, దానిమీద వంటింటి అల్యూమినియం ఫాయిల్ వేసి, షూ వేసుకున్న కాలితో నిండా బరువు పెట్టి ఒక్కసారి తొక్కాలి. కాలు పక్కకు జరపకుండా నేరుగా పైకెత్తాలి. గీతల డిజైనే కాదు, ఒకవైపు అరిగిన మడమ, సందులో ఇరుక్కున్న రాయి కూడా పడతాయి. కుడి ఎడమ రెండూ తీసి, పక్కన స్కేలు పెట్టి ఫోటో దాచుకోండి. అమెరికాలో చిన్నపిల్లలకు దారి తప్పితే ఏం చేయాలో నేర్పే తరగతుల్లో చెప్పే పద్ధతి ఇది. పెద్దలకూ అంతే పనికొస్తుంది. ఒక ట్రెయిల్‌హెడ్ దగ్గర వందల అడుగుల మధ్య మీవాడి అడుగును విడదీసేది ఆ ఫోటోనే.

కాగితం లేకపోతే ఏమవుతుందో తెలియాలంటే ఆరన్ రాల్‌స్టన్ సంగతి చాలు. 2003 ఏప్రిల్‌లో యూటాలోని బ్లూజాన్ కాన్యన్లో బండరాయి కింద అతని చెయ్యి ఇరుక్కుంది. ఎక్కడికి వెళ్తున్నాడో ఎవరికీ చెప్పలేదు. దాదాపు ఐదు రోజుల తర్వాత చెయ్యి కోసుకుని, తానే నడిచి వస్తుంటే హెలికాప్టర్‌కు దొరికాడు. అతని ట్రక్కు ట్రెయిల్‌హెడ్ దగ్గరే నిలబడి ఉంది. అన్ని రోజులూ ఏ ట్రెయిల్‌హెడ్ చూడాలో తెలిసినవాళ్లే లేరు.

ఇక ఫోన్ సంగతి. “24 గంటలు ఆగాలి” అనేది ఒట్టి మాట, అలాంటి నియమం లేదు. చెప్పిన గడువు దాటితే ఒకసారి వాళ్ల ఫోన్లకు మెసేజ్ పెట్టండి, ఉండాల్సిన హోటల్‌కు ఫోన్ చేయండి, ఇరవై నిమిషాల్లో ఆ పని ముగించి షెరిఫ్‌కు చెప్పండి. వాళ్ల ఫోన్లకు మళ్లీ మళ్లీ రింగ్ ఇవ్వకండి, మిగిలిన బ్యాటరీ దానికే పోతుంది. ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. మీరు టెంపీలో 911 కొడితే అది టెంపీ వాళ్లకే వెళ్తుంది. యూటాలోనూ అరిజోనాలోనూ గాలింపు బాధ్యత తప్పిపోయిన చోటు ఏ కౌంటీదో ఆ కౌంటీ షెరిఫ్‌ది. జాతీయ పార్కు లోపలైతే రేంజర్లది. ఎస్కలాంటే ఊరు గార్‌ఫీల్డ్ కౌంటీ, హోల్ ఇన్ ది రాక్ రోడ్డు మీద దక్షిణానికి పోతే కేన్ కౌంటీ వచ్చేస్తుంది. రెండు ఆఫీసుల నేరు నంబర్లూ ముందే రాసిపెట్టుకోండి. కారు వేసుకుని మీరే వెతకడానికి బయల్దేరకండి. మీరూ సిగ్నల్ లేని చోటికి పోతే, ప్రశ్నలు అడగాల్సినవాళ్లకు మీరు దొరకరు, పైగా మీ అడుగులు వాళ్ల అడుగుల మీద పడతాయి.

గాలింపు మొదలయ్యేది కారు దగ్గర. కారు ఉందా లేదా అన్న ఒక్క విషయంతో సగం మ్యాపు చెరిగిపోతుంది. లోపల మిగిలిన వాటర్ క్యాను, రసీదు, మ్యాపు చూస్తారు. ఇద్దరు ముగ్గురున్న చురుకైన జట్లు ఎక్కువ అవకాశమున్న దారుల్లో వేగంగా పోతాయి. ఇంకో పక్క దారులు కలిసే చోట్ల, కాన్యన్ నోటి దగ్గర మనుషుల్ని నిలబెడతారు. తప్పిపోయినవాళ్లు తెలియకుండానే గాలింపు హద్దు దాటి పోకూడదని ఆ కాపలా. వలయానికి కంచె వేయడమే అనుకోండి.

జాడ తీసేవాళ్ల పని మాత్రం దగ్గర నుంచి చూడాల్సింది. ఇసుకలో అడుగు ఏటవాలు ఎండలోనే కనబడుతుంది, అందుకే పొద్దున తొలి గంటలూ సాయంత్రం చివరి గంటలూ వాళ్లకు బంగారం. అడుగును తమకూ సూర్యుడికీ మధ్యలో ఉంచుకుని వంగి చూస్తారు. గుంట అంచున సన్నటి నీడ పడి మడమ గీత తేలుతుంది. పొద్దు నడినెత్తికి వస్తే అదే అడుగు ఇసుకలో కలిసిపోతుంది. రాత్రయితే టార్చిని నేలకు ఆనించినంత కిందికి పట్టి అడ్డంగా వెలుగు పారిస్తారు. చేతిలో ఓ కర్ర ఉంటుంది, దానికి రెండు రబ్బరు బ్యాండ్లు. ఒక అడుగు మడమ నుంచి తర్వాతి అడుగు మడమ దాకా దూరం కర్రమీద గుర్తు పెట్టుకుంటారు. ఆఖరి ముద్ర దగ్గర కర్ర కొన ఆనించి అర్ధచంద్రంగా తిప్పితే, తర్వాతి అడుగు ఆ గీత మీద ఎక్కడో ఉండాలి. చిన్న రాయి పక్కకు దొర్లిందా, నల్లటి మట్టి పెచ్చు విరిగిందా అని అంగుళం అంగుళం చూస్తారు. నున్నటి బండ వస్తే జాడ తెగిపోతుంది. అప్పుడు బండ మీద వెతకరు, చుట్టూ తిరిగి దాని అంచున ఉన్న ఇసుక పొరల్లో బయటికి పోయిన అడుగు కోసం చూస్తారు. మీ స్నేహితులకు ఇది చెప్పండి. తప్పిపోయామని తెలిసిన క్షణం నుంచి, ఇసుక కనబడిన చోటల్లా కావాలనే అడుగు పడేలా తొక్కాలి, కదిలితే ఏ వైపో బాణం గీయాలి.

హెలికాప్టర్ వస్తే చాలనుకుంటారు, అది తప్పు. ఎండ మండే మధ్యాహ్నం గాలి పలచబడి రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇరుకు లోయల్లో సుడిగాలి. పైనుంచి చూస్తే ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి రాయిలో రాయి. వేడిని పట్టే థర్మల్ కెమెరా కూడా మిట్టమధ్యాహ్నం అంతగా పనికిరాదు, ఎండకు కాగిన బండ మనిషి ఒంటికంటే వేడిగా ఉంటుంది. తెల్లవారుజామున బండలు చల్లబడ్డాకే మనిషి ఒళ్లు విడిగా కనబడుతుంది. కుక్కలకూ అదే బాధ. పగలు వేడెక్కిన గాలి లోయలోంచి పైకి పారుతుంది, రాత్రి చల్లబడి కిందికి దిగుతుంది, వాసన దానితోనే కదులుతుంది. అందుకే చీకటి పడ్డాక కాన్యన్ కింది కొసన కుక్కను తిప్పుతారు. వాసన చూపించడానికి ఉతకని బట్ట కావాలి. దాన్ని మీ చేత్తో ముట్టకుండా కాగితం సంచిలో వేసి ఇవ్వండి.

ఇప్పుడు తప్పినవాళ్ల మాట. ఏటి వెంట కిందికి నడిస్తే ఊరు వస్తుందని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. గోదావరి గట్టున అది నిజమే. కొలరాడో పీఠభూమిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఎండిన వాగు వెంట దిగుతూ పోతే ఆరడుగుల గట్టు వస్తుంది, దూకుతారు. ఇంకో పది నిమిషాలకు ముప్పై అడుగుల ఎండిన జలపాతం వస్తుంది, దిగలేరు. వెనక్కి తిరిగితే ఆరడుగుల నున్నటి గట్టు ఎక్కలేరు. రెంటి మధ్య ఇరుక్కుంటారు, పైనున్నవాళ్లకు కనబడరు, అరిచినా ప్రతిధ్వని ఎటునుంచి వస్తోందో తెలియదు. ఎక్కలేని చోటు దూకకూడదు. ఇది ఒక్కటి గుర్తుంటే చాలా గాలింపుల అవసరమే రాదు.

దారి పోయిందని అనుమానం రాగానే ఆగాలి. కనబడే దూరంలో చివరి తెలిసిన గుర్తు ఉంటే అంతవరకే వెనక్కి, లేకపోతే అక్కడే. నలుగురూ విడిపోకూడదు. దగ్గర్లో నీడ, పైన ఆకాశం విప్పుగా కనబడే చోటు చూసుకోవాలి. నేల గాలికంటే ఎంతో వేడిగా ఉంటుంది, బ్యాగు మీదో తాడు చుట్ట మీదో కూర్చోవాలి, లేదా పైమట్టి చేత్తో తోసేసి కింద చల్లటి పొరలో. వేసవిలో పొద్దున 10 నుంచి సాయంత్రం 4 దాకా కదలకూడదు. గ్రాండ్ కాన్యన్లో రేంజర్లు చెప్పే మాట కూడా ఇదే. అక్కడ పై అంచుకంటే అడుగున దాదాపు 11 డిగ్రీల సెల్సియస్ వేడి ఎక్కువ.

నీళ్లు మిగుల్చుకుందామని దాహంతో ఉండకండి. దాచిపెట్టాల్సింది చెమట. సీసాలో నీళ్లుండగానే వడదెబ్బకు పడిపోయినవాళ్లున్నారు. రోజుకు మనిషికి కనీసం 4 లీటర్లతో బయల్దేరాలి. అయితే ఉప్పు లేకుండా గంటల తరబడి నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది. వాంతులు, తలనొప్పి, తికమక అన్నీ వడదెబ్బలాగే కనబడతాయి, ఇంకా నీళ్లు తాగిస్తే ముదురుతుంది. వేయించిన ఉప్పు పల్లీలు, చిప్స్, ఓఆర్‌ఎస్ పొట్లాలు నీళ్లతో సమానంగా మోయాలి. పొడి గాలిలో చెమట పట్టిన క్షణమే ఆరిపోతుంది, హైదరాబాద్ ఎండలా చొక్కా తడవదు కాబట్టి ఎంత పోయిందో తెలియదు. మాట తడబడినా, అడుగు తూలినా అక్కడికక్కడే నీడలో పడుకోబెట్టి, ఒంటిమీది బట్టలు తడిపి, గాలి విసరాలి. రాత్రికి మళ్లీ చలి, స్లాట్ కాన్యన్ (బాగా ఇరుకైన, లోతైన లోయ) నీళ్లలో తడిసినవాళ్లకు వేసవిలోనూ ఒళ్లు గడ్డకడుతుంది. ఒక పలచటి జాకెట్, అత్యవసర రేకు దుప్పటి బ్యాగులో ఉండాలి.

వాగు అడుగున మాత్రం పడుకోవద్దు. 1997 ఆగస్టు 12న అరిజోనాలో పేజ్ దగ్గర లోయర్ యాంటిలోప్ కాన్యన్లో 11 మంది కొట్టుకుపోయారు. వాన కురిసింది అక్కడ కాదు, మైళ్ల అవతల ఎగువన.

సంకేతాలకు విజిల్ ఉండాలి, నోరు తొందరగా ఎండిపోతుంది. మూడుసార్లు ఊది ఓ నిమిషం నిశ్శబ్దంగా వినాలి. అద్దం ఉంటే మైళ్ల దూరానికి మెరుపు కనబడుతుంది. రంగు బట్టలు విప్పుగా ఉన్న ఇసుకలో పరవండి. అత్యవసర బీకన్ (శాటిలైట్‌కు ఆపద సంకేతం పంపే చిన్న పరికరం) అయినా, ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లలోని శాటిలైట్ ఎస్‌ఓఎస్ అయినా ఆకాశం కనబడాలి. స్లాట్ కాన్యన్లో పైన కనబడే నీలిగీత చాలదు, కాబట్టి లోపలికి దిగకముందే, వెడల్పైన చోటే నొక్కాలి. బీకన్ కొంటే నోవాలో (NOAA, అమెరికా ప్రభుత్వ వాతావరణ, సముద్ర సంస్థ) ఉచితంగా రిజిస్టర్ చేసి, తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చినా ఎత్తే అమెరికా స్నేహితుడి నంబరు ఇవ్వండి. అమ్మానాన్నల ఇండియా నంబరు ఒక్కటే ఇస్తే అర్ధరాత్రి ఎవరూ ఎత్తరు, నిజమైన ప్రమాదమా కాదా తేల్చుకోవడానికే సమయం పోతుంది. హెలికాప్టర్ దిగుతుంటే టోపీలు, రేకు దుప్పటి ఒళ్లో అదిమిపట్టి కూర్చోండి, పిలిచేదాకా దగ్గరికి పోవద్దు. ఎవరి డ్రోనైనా గాల్లో ఉంటే హెలికాప్టర్ ఆగిపోతుంది, సాయం చేస్తున్నామనుకుని ఎగరేయకండి.

డబ్బు భయంతో ఫోన్ ఆలస్యం చేయొద్దు. జాతీయ పార్కులు గాలింపుకు డబ్బు తీసుకోవు. యూటాలో కౌంటీలు ఖర్చులో కొంత అడిగే వీలు చట్టంలో ఉంది, దానికోసమే రాష్ట్రం ఏడాదికి చిన్న రుసుముతో ఒక కార్డు ఇస్తుంది, బయల్దేరే ముందు తీసుకోమనండి. ఆసుపత్రికి తీసుకెళ్లే ఎయిర్ అంబులెన్స్ బిల్లు మాత్రం వేరు, ఇన్సూరెన్స్ చూసుకోవాలి. వీసా గురించి ఆలోచిస్తూ గంటలు పోగొట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు.

ఒక్కోసారి మీరు ఫోన్ చేశాక వాళ్లు వేరే దారిన బయటపడి నేరుగా కారెక్కి వచ్చేస్తుంటారు. సిగ్నల్ అందగానే ముందు షెరిఫ్ ఆఫీసుకు చెప్పాలి, తర్వాతే ఇంటికి. ఆ ఫోన్ వెళ్లేదాకా వలంటీర్లు ఆ ఎండలో, ఆ గోడల మీద వాళ్లకోసమే తిరుగుతూ ఉంటారు.