ఆఖరి నాలుగు సెకన్లలో ఎగరేసుకుపోయారు సార్!

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో మూడు వేలంపాటల మీదే ఉన్నాయి, అందుకని మిగతావన్నీ వచ్చే సంచికకి నెట్టేసి వీటికే జవాబు రాస్తున్నా. పేర్లు వెయ్యొద్దన్నారు, ఏరియాలు మాత్రం వేశాం.

ప్రశ్న: నిజాం కాలం నాటి నాణేలంటే నాకు పిచ్చి సార్. ఒక విదేశీ వేలం సైట్లో ఛార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి కనపడింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌ది, ఛార్మినార్ గుమ్మంలో ఆయన పేరుకి గుర్తుగా ఉర్దూ "మీమ్" (మ) అక్షరం కూడా క్లియర్‌గా ఉంది. 62 డాలర్లు మ్యాక్సిమమ్ పెట్టిన. వారమంతా నేనే లీడింగ్‌లో ఉన్నా, రేటు 41 దగ్గరే ఆగింది. ఇంకో నాలుగు సెకన్లుందనగా ఎవడో వచ్చి 63కి కొట్టుకపోయిండు. ఒక్క డాలర్ తేడా! మళ్ళీ వేద్దామంటే టైమే లేదు. ఇది చీటింగ్ కాదా? నేను కూడా ఇట్లనే చెయ్యాల్నా? (మల్కాజిగిరి)

జవాబు: ముందు ఆ ఒక్క డాలర్ సంగతి తేల్చేద్దాం, మీ కడుపుమంటంతా దాని మీదే కదా. అవతలి మనిషి 63 వేశాడని ఎట్లా అనుకున్నారు? ఇలాంటి సైట్లలో మనం చెప్పేది మన ఆఖరి రేటు, అది సైట్ దగ్గర గుట్టుగా ఉంటుంది, సైట్ మన తరఫున అవసరమైనంత వరకే పాడుకుంటూ పోతుంది, గెలిచినవాడు కట్టేది రెండోవాడి ఆఖరి రేటు మీద ఒక మెట్టు. ఉదాహరణకి ఈబే అనే వేలం సైట్లో 25 డాలర్ల నుంచి వంద లోపు అయితే ఆ మెట్టు ఒక డాలర్. మీది 62, దాని మీద ఒకటి, 63. అంతే లెక్క. ఆయన 63 పెట్టుకున్నాడో 150 పెట్టుకున్నాడో మీకూ నాకూ ఎప్పటికీ తెలీదు. 64 వేసుంటే నాకే వచ్చేదని నిద్ర పాడుచేసుకోవడం శుద్ధ దండగ.

ఇంకో మాట, కాస్త కటువుగానే అడుగుతా. 62 నిజంగానే మీ ఆఖరి రేటా? అయితే మీకు పోయిందేమీ లేదు, మీరు ఇవ్వదల్చుకోని ధరకి వేరేవాళ్ళు కొనుక్కున్నారు. కాదు, ఇంకో పది డాలర్లు ఇద్దును అంటారా, మరి ఆ పది ముందే ఎందుకు పెట్టలేదు? పోటీ వస్తే అప్పుడు చూద్దాంలే అనుకున్నారు. చివరి సెకన్లో వచ్చేవాడి బతుకుతెరువే అది, మీరు ఆ "అప్పుడు చూద్దాంలే" చేసేలోపు గడియారం ఆగిపోవాలి.

అందుకే నా ఉద్దేశంలో ఇది చీటింగ్ కాదు. ఫలానా రోజు ఫలానా టైముకి ముగుస్తుందని మొదటి రోజునుంచి అందరికీ ఒకేలా కనపడుతోంది, ఆయనకి సైట్ వాళ్ళేమీ చెవిలో ఊదలేదు, ఈబే లాంటి చోట్ల రూల్స్ కూడా దీన్ని తప్పనడం లేదు. బాలాపూర్ లడ్డూ పాటలో ఎవరైనా ఇట్లా చెయ్యగలరా చెప్పండి. 1994లో 450 రూపాయలతో మొదలై 2025లో 35 లక్షలకి పోయిన పాట అది, కానీ అక్కడ గడియారం లేదు, మూడోసారి అనేలోపు ఇంకోడు నోరు తెరిస్తే పాట మళ్ళీ నడుస్తుంది. మనుషుల్లో నీతి ఎక్కువై కాదు, అక్కడ అలా చెయ్యడం కుదరదు కాబట్టి చెయ్యరు.

దీన్ని పనిగట్టుకుని లెక్కతీసినవాళ్ళు కూడా ఉన్నారు. ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఇద్దరు ఎకనామిస్టులు 2002లో అచ్చేసిన పేపర్లో ఈబేని, అప్పట్లో అమెజాన్ నడిపిన వేలంపాటల్ని పక్కపక్కన పెట్టి చూశారు. ఈబేలో టైమ్ ఫిక్స్, అమెజాన్‌లో చివరి పది నిమిషాల్లో ఎవరు పాడినా ఇంకో పది నిమిషాలు పెరిగేది. ఆఖర్లో ఎగబడటం ఈబేలోనే ఎక్కువ, అందులోనూ కంప్యూటర్ల కంటే పాత వస్తువుల మీద ఇంకా ఎక్కువ. ఎందుకంటే పాత వస్తువు అసలుదా కాదా, అరుదైనదా కాదా అన్నది తెలిసినవాళ్ళకే తెలుస్తుంది, ఆ తెలిసినాయన సోమవారమే పాడితే మిగతావాళ్ళంతా ఓహో ఇందులో ఏదో ఉందని వెంటపడతారు. మీ మీమ్ రూపాయి మీద వారం ముందే లీడింగ్‌లో కూర్చుని మీరు చేసింది అదే, ఇదిగో ఇక్కడ మంచి నాణెం ఉందని చాటింపు వేశారు.

నిజానికి అందరూ మనసులో ఉన్న రేటే చెప్తే ఎప్పుడు చెప్పినా ఒకటే అవ్వాలి. గెలిచినవాడు రెండోవాడి రేటు కడితే చాలు, అప్పుడు ఎవరికీ అబద్ధం చెప్పే అవసరం ఉండదని కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ విలియం విక్రీ 1961లోనే రాశాడు. (1996లో నోబెల్ ప్రకటించిన మూడు రోజులకే పోయాడు పాపం.) మనుషులు అలా చెప్పరు, విడతలు విడతలుగా రెండేసి డాలర్లు పెంచుకుంటూ పోతారు, వాళ్ళని రెచ్చగొట్టకుండా ఉండాలంటే ఆలస్యంగా రావడమే మేలు.

కాబట్టి మీరూ చెయ్యండి, తప్పేం లేదు. కొరియరూ కస్టమ్సూ కలుపుకుని మీకు గిట్టే ఆఖరి రేటు ముందురోజే, బుర్ర చల్లగా ఉన్నప్పుడు, కాగితం మీద రాసుకోండి. రౌండ్ ఫిగర్ వద్దు, అందరూ 60, 65 అనే పెడతారు, మీరు 65.40 అనండి. ఏడెనిమిది సెకన్లుండగా ఒక్కసారే కొట్టండి. రెండు సెకన్ల దాకా ఆగితే మొనగాడితనమేం కాదు, నెట్ ఒక్కసారి తుమ్మిందంటే మీ రేటు అసలు చేరదు. మీ బదులు చివర్లో పాడిపెట్టే యాప్‌లు కూడా దొరుకుతాయి, కానీ వాటికి అకౌంట్ పాస్‌వర్డ్ అప్పజెప్పాలి, నేనైతే ఇవ్వను. మామూలుగా ఎక్కడైనా దొరికే సరుకైతే ఈ తంటాలేవీ వద్దు, పొద్దున్నే మీ రేటు పడేసి పనికి పొండి.

అసలు చీటింగ్ ఏదంటే అమ్మేవాడు బావమరిది అకౌంట్‌తో తన సరుకు మీద తనే పాడించి రేటు ఎక్కించడం. సైట్లూ ఒప్పుకోవు, మన చట్టమూ ఒప్పుకోదు. 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్, సెక్షన్ 64 చూడండి, రేటు పెంచడానికి అమ్మేవాడు దొంగపాట పాడిస్తే కొన్నవాడు ఆ బేరాన్ని రద్దు చేసుకోవచ్చు. చివరి సెకన్ల పద్ధతికి ఇక్కడ ఒక లాభం కూడా ఉంది, దొంగపాటగాడికి మీ రేటు ఎంతవరకు పోతుందో తడిమి చూసే టైమ్ దొరకదు.

అన్నట్టు, ఎప్పుడైనా మీ దగ్గరున్నవి బయటిదేశం వాళ్ళకి అమ్ముదామనుకుంటే ఆగండి, వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించకూడదు.

ప్రశ్న: మా నాణేల వాట్సాప్ గ్రూపులో ఒక అన్న "దీన్ని ట్రై చేస్తున్నా, ఎట్లుంది చెప్పండి" అని లింక్ పెట్టాడు. చూస్తే నాకూ నచ్చింది. చివర్లో నేనే కొట్టేశా. ఇప్పుడు ఆయన మాట్లాడట్లేదు. రూల్ ప్రకారం నాది తప్పు కాదు కదా? (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: రూల్ ప్రకారం కాదు. కానీ మీరు రూల్ గురించి అడగడానికి నాకు రాయలేదు, ఆ అన్న మొహం చూడలేక రాశారు. మల్కాజిగిరి వాళ్ళ నాణెం కొన్నది ముక్కూ మొహం తెలీనోడు, వాడికి వీళ్ళతో ఏ బాకీ లేదు. మీ విషయంలో ఆయన నోరు తెరిచి చెప్పకపోతే ఆ సరుకు ఉందన్న సంగతే మీకు తెలీదు. ఆయన సలహా అడిగితే ఆ సలహా ఇవ్వకుండా బేరం పట్టుకుపోయారు. "అన్నా, నాక్కూడా నచ్చింది, నేనూ వేస్తున్నా" అని ముందే ఒక్క ముక్క అనుంటే ఇంత రాద్ధాంతం లేదు. ఇప్పుడైనా ఫోన్ చేసి మీకు పడిన ధరకే ఇస్తానని అడగండి, తీసుకుంటే తీసుకుంటాడు లేకపోతే లేదు.

అలా అని గ్రూపంతా కూడబలుక్కుని "మనలో ఒక్కరే పాడాలి, మిగతావాళ్ళు నోరు మూసుకోవాలి" అని మాట్లాడుకునేరు, అప్పుడు అమ్మేవాడి నోట్లో మట్టి కొట్టినట్టే. దానికి నా సపోర్ట్ లేదు.

ప్రశ్న: బ్యాంకు వాళ్ళు నిజాంపేట్ దగ్గర ఒక ఫ్లాట్ ఈ-వేలం పెడుతున్నారు. మా తమ్ముడు చివరి నిమిషంలో వేస్తే తక్కువకి వస్తుందంటున్నాడు. నిజమేనా అండీ? (కూకట్‌పల్లి)

జవాబు: తమ్ముడి మాట ఇక్కడ పనిచెయ్యదమ్మా. బ్యాంకు వేలాల్లో మామూలుగా ఆటో ఎక్స్‌టెన్షన్ ఉంటుంది, చివరి కొన్ని నిమిషాల్లో ఎవరు పాడినా టైమ్ మళ్ళీ పెరుగుతుంది, ఎన్ని నిమిషాలన్నది నోటీసులోనే వేస్తారు, అక్కడ చూసుకోండి. ఇంకొకటి, ఇక్కడ రెండోవాడి రేటు మీద ఒక మెట్టు అన్న వెసులుబాటు అనుకోవద్దు, మామూలుగా మీరు ఎంత కొడితే అంతే.

మీరు చూసుకోవాల్సింది సెకన్లు కాదు, డబ్బు గడువు. పాట మీ పేరున పడితే ముందే కట్టిన డిపాజిట్‌తో కలిపి 25 శాతం ఆ రోజో, లేదంటే బ్యాంకు పనిచేసే మర్నాటి లోపో కట్టాలి. మిగతా 75 శాతం, అమ్మకం ఖాయం చేశాక 15 రోజుల్లో, బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే గరిష్ఠంగా మూడు నెలల్లో. హోమ్ లోన్ వస్తుందిలే అని ధీమాగా పాడేసి తర్వాత కట్టలేకపోతే ఆ 25 శాతం పోయినట్టే. అందుకని లోన్ ఇచ్చే బ్యాంకుతో ముందే మాట్లాడి, ఈసీ (ఆస్తి మీద తాకట్లూ గట్రా ఉన్నాయేమో చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి, మెయింటెనెన్స్, ప్రాపర్టీ టాక్స్, కరెంటు బాకీలు ఎంతున్నాయో సొసైటీ వాళ్ళని అడగండి, ఎందుకంటే "ఉన్నది ఉన్నట్టు" అనే ఒక్క ముక్కతో అవన్నీ మీ నెత్తినే పడతాయి. లోపల ఎవరైనా ఉంటున్నారా అన్నది కూడా ఒకసారి వెళ్ళి తలుపు కొట్టి చూడండి, తమ్ముణ్ణి వెంట తీసుకెళ్ళండి.