కొత్త కంప్యూటర్ తెర వెలగనప్పుడు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, తెర మీద మాత్రం ఏమీ రావడం లేదని నిన్న రాత్రి నువ్వు ఫోనులో చెప్పినప్పుడు నీ గొంతులో వినిపించిన దిగులు నాకు కొత్తది కాదు. నెలల తరబడి ఆలోచించి ఒక్కొక్కటిగా కొని తెచ్చుకున్న భాగాల్లో ఏదో పాడైపోయిందేమో, పాడు చేసింది నేనేనేమో అన్న భయం మొదటిసారి కంప్యూటర్ బిగించే ప్రతివారికీ కలుగుతుంది. తొందరలో ఫోనులో చెప్పిన మాట గుర్తుండదు కనుక వివరంగా రాస్తున్నాను. కొత్తగా బిగించిన యంత్రం పనిచేయకపోతే దానికి కారణం భాగం చెడిపోవడం కంటే, ఏదో ఒకటి సరిగా కూర్చోకపోవడమే చాలా ఎక్కువసార్లు అవుతుంది. అంచేత వస్తువులు వెనక్కి పంపే ఆలోచన ఇప్పుడే పెట్టుకోకు.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. నేను మొదటిసారి బిగించిన కంప్యూటర్ బటన్ నొక్కగానే ఒక్క క్షణం కదిలి ఆగిపోయేది. మదర్‌బోర్డు, అంటే భాగాలన్నీ తగిలే పెద్ద బోర్డు, చెడిందని నిర్ణయించుకుని వెనక్కి పంపాను. రెండు వారాల తర్వాత వచ్చిన కొత్త బోర్డు కూడా అచ్చం అలాగే ఆగిపోయింది. అప్పుడు గాని బోర్డును క్యాబినెట్‌లోంచి ఎత్తి కింద చూడాలని తోచలేదు. బోర్డును క్యాబినెట్ రేకుకు తగలకుండా ఎత్తి ఉంచే ఇత్తడి స్టాండాఫ్‌లు ఉంటాయి కదా, వాటిలో ఒకటి నా బోర్డులో రంధ్రమే లేని చోట నిలబడి ఉంది. బోర్డు వెనుక ఆ ఇత్తడి మొన తగిలిన చోట చిన్న గీత కనిపించింది. దాన్ని విప్పి పక్కన పెట్టి బోర్డును మళ్ళీ బిగిస్తే యంత్రం వెంటనే లేచింది. మొదటి బోర్డులో ఏ లోపమూ ఉండి ఉండదని ఇప్పటికీ నా నమ్మకం. కాబట్టి నీ క్యాబినెట్‌లో ఎన్ని స్టాండాఫ్‌లు ఉన్నాయో, అవన్నీ బోర్డు రంధ్రాల కిందే ఉన్నాయో లేదో ఒకసారి లెక్కపెట్టుకో.

పని మొదలుపెట్టే ముందు ఒక నోటు పుస్తకం దగ్గర పెట్టుకో. ఏది మార్చావో, మార్చాక ఏమి జరిగిందో రాసుకో. ఒక్కసారికి ఒక్కటే మార్చు. ర్యామ్ (యంత్రం పనిచేసేటప్పుడు వాడుకునే జ్ఞాపక పలక) తీసి పెట్టి, కేబుల్ మార్చి, బయోస్ (బోర్డులోనే ఉండి యంత్రాన్ని లేపే ప్రోగ్రాం) రీసెట్ చేసి, మూడూ అయ్యాక బటన్ నొక్కితే యంత్రం పనిచేసినా ఎందుకు పనిచేసిందో తెలియదు, మళ్ళీ ఆగిపోతే ఎక్కడ వెతకాలో అంతకన్నా తెలియదు. ఏ భాగాన్నైనా ముట్టుకునే ముందు పవర్ సప్లై వెనుక స్విచ్ ఆపి, తీగ ఊడదీసి, కంప్యూటర్ బటన్‌ను ఒకసారి నొక్కి వదులు. లోపల మిగిలిన కరెంటు అలా ఖాళీ అవుతుంది. రంగు లేని చోట క్యాబినెట్ లోహాన్ని చేత్తో తాకి, ఆ తర్వాతే బోర్డు మీద చెయ్యి వెయ్యి.

బటన్ నొక్కినప్పుడు జరిగేదాన్ని బట్టి లోపం ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. అసలు ఏ కదలికా లేకపోతే పవర్ సప్లై స్విచ్, గోడ ప్లగ్, 24 పిన్నుల పెద్ద కనెక్టర్, బటన్ నుంచి వచ్చే సన్నని తీగ, ఈ నాలుగూ చూడాలి. ఆ సన్నని తీగ బోర్డు మీద ఏ రెండు పిన్నులకు తగలాలో మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. బటన్ తీగను ఎటు తిప్పి పెట్టినా ఫర్వాలేదు గాని, లైట్ల తీగలకు మాత్రం ప్లస్, మైనస్ చూడాలి. బటన్ మీదే అనుమానం ఉంటే ఆ తీగ తీసేసి, రెండు పవర్ పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపి చూడవచ్చు. ఒక్క క్షణం తిరిగి ఆగిపోతే షార్ట్ (కరెంటు తగలకూడని చోట తగలడం) గాని, ప్రాసెసర్‌కు కరెంటు అందకపోవడం గాని కారణం కావచ్చు.

నీ యంత్రం ఈ రెండు దశలూ దాటింది. ఫ్యాన్లు ఆగకుండా తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది. అందరూ ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే కనుక దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

మొదట మానిటర్ తీగ ఎక్కడ గుచ్చావో చూడు. గ్రాఫిక్స్ కార్డు (తెరకు బొమ్మ పంపే కార్డు) ఉన్న యంత్రంలో ఆ తీగ కార్డుకే తగలాలి, పైనున్న మదర్‌బోర్డు పోర్టుకు కాదు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అనే అక్షరం ఉంటే దానిలో గ్రాఫిక్స్ ఉండదు, కాబట్టి ఆ బోర్డు పోర్టులోంచి బొమ్మ రావడం అసాధ్యం. ఏఎండీ వారి ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) రైజెన్ ప్రాసెసర్లలో కూడా పేరులో జీ అక్షరం లేనివాటి సంగతి దాదాపు ఇంతే. మానిటర్‌లో సరైన ఇన్‌పుట్ ఎంచుకున్నావో లేదో కూడా చూసుకో.

తర్వాత ప్రాసెసర్ కరెంటు. బోర్డు పై మూలలో, హీట్‌సింక్ (వేడిని పీల్చే లోహపు దిమ్మ) దగ్గర, 8 పిన్నుల కనెక్టర్ ఒకటి ఉంటుంది. ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ చాటున పడి కనిపించదు కనుక దాన్ని మరిచిపోయేవారు చాలామంది. పవర్ సప్లైలో దానికి తగిన తీగ నాలుగు, నాలుగు పిన్నులుగా విడిపోతుంది. గ్రాఫిక్స్ కార్డుకు వెళ్ళేది ఆరు, రెండుగా విడిపోతుంది. చూడటానికి అక్కచెల్లెళ్ళలా ఉన్నా వాటి లోపల తీగల అమరిక వేరు, ఒకదాని చోట మరొకటి బలవంతంగా తోయకూడదు. గ్రాఫిక్స్ కార్డుకు విడిగా కరెంటు సాకెట్ ఉంటే అదీ పూర్తిగా లోపలికి వెళ్ళిందో లేదో చూడు.

ఆ తర్వాత ర్యామ్. నా చేతుల మీదుగా వెళ్ళిన నల్లతెర యంత్రాల్లో ఎక్కువ వాటిని బాగుచేసింది ర్యామ్‌ను తీసి సరిగా కూర్చోబెట్టడమే. నాలుగు స్లాట్లు ఉన్న బోర్డులో రెండు ర్యామ్‌లు ఉంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి. నీ మాన్యువల్ ఏమి చెబుతుందో చూసి అలాగే చెయ్యి. పెట్టే పద్ధతి చెబుతాను. స్లాట్ చివరనున్న గొళ్ళాన్ని బయటికి తెరువు. కొన్ని బోర్డులకు రెండు చివరలా, కొన్నింటికి ఒక్క చివరే గొళ్ళెం ఉంటుంది. ర్యామ్ అడుగునున్న గాడిని స్లాట్‌లోని మిట్టకు సరిచూసుకో. రెండు బొటనవేళ్ళతో రెండు మూలలనూ నిటారుగా, ఒకే బలంతో నొక్కు. మొదట కొంచెం దిగి ఆగుతుంది. చాలామంది అక్కడే చెయ్యి తీసేస్తారు. ఇంకాస్త గట్టిగా నొక్కితే టక్కుమని శబ్దం వచ్చి గొళ్ళెం దానంతట అదే మూసుకుంటుంది. ఒక్క చివరే గొళ్ళెం ఉన్న బోర్డులో రెండో చివర శబ్దం రాదు కనుక, ఆ వైపు ర్యామ్ అంచు మరో వైపుతో సమానంగా దిగిందో లేదో కంటితో చూడాలి. బంగారు రంగు గీత ఒక పక్క ఎక్కువగా కనిపిస్తే అది ఇంకా కూర్చోలేదన్నమాట.

ఒకే ర్యామ్‌తో ప్రయత్నించు. లేవకపోతే దాని స్థానంలో రెండోది పెట్టి చూడు. ఒకటి లేచి మరొకటి లేవకపోతే అదే స్లాట్‌లో మళ్ళీ రెండుసార్లు పరీక్షించి, ఆ తర్వాతే ఆ ర్యామ్‌ను అనుమానించు. నీది డీడీఆర్5 ర్యామ్ అని చెప్పావు కనుక మరో సంగతి కూడా తెలుసుకోవాలి. మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడు బోర్డు ఆ ర్యామ్‌ను పరీక్షించి, దానికి తగినట్టు తనను సర్దుకుంటుంది. దానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. నిన్న నువ్వు ముప్పై సెకన్లకే ఆపేశానన్నావు. ఈసారి పావుగంట వరకు ఆపకుండా వేచి ఉండు. ఆ పని మధ్యలో కరెంటు ఆపేస్తే మళ్ళీ మొదటికి వస్తుంది.

నీ బోర్డు అంచున నాలుగు చిన్న లైట్లు ఉన్నాయేమో చూడు. వాటి పక్కన సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని రాసి ఉంటుంది, అంటే వరుసగా ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, డిస్కు. బటన్ నొక్కాక ఒక్కొక్కటి వెలిగి ఆరుతూ పోతుంది, ఏది ఆరకుండా నిలిచిపోతే లోపం ఆ దశలో ఉంది. ఈ లైట్లను చూడకుండా ఊహతో భాగాలు మార్చడం చీకట్లో సూది వెతకడంలాంటిది. లైట్లు లేని బోర్డులో చిన్న స్పీకర్ తగిలిస్తే బీప్ శబ్దాలు వస్తాయి, వాటి అర్థం మాన్యువల్‌లో ఉంటుంది.

సీపీయూ లైటు నిలిచిపోయినా, ర్యామ్ ఎంత సరిచేసినా డీర్యామ్ లైటు ఆరకపోయినా అప్పుడు ప్రాసెసర్ వైపు చూడాలి. రెండు కారణాలు ఉండవచ్చు. బోర్డులో ఉన్న బయోస్ నీ ప్రాసెసర్ కంటే పాతది కావచ్చు. అలాంటప్పుడు బోర్డు వెనుక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే, ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో కొత్త బయోస్ ఫైలును మాన్యువల్ చెప్పిన పేరుతో పెట్టి ఎక్కించవచ్చు. అది జరుగుతున్నంతసేపు కరెంటు పోకూడదు. రెండో కారణం సాకెట్ పిన్నులు వంగడం. ఇంటెల్ వారి ఎల్‌జీఏ1700 సాకెట్‌లో 1700, ఏఎండీ వారి ఏఎం5 సాకెట్‌లో 1718 పిన్నులు బోర్డు మీదే ఉంటాయి. ప్రాసెసర్ ఎత్తి, ఫోను టార్చ్‌ను పక్కవాటుగా పట్టి చూస్తే వరుసలన్నీ ఒకే తీరుగా మెరవాలి. ఎక్కడైనా మెరుపు తేడాగా ఉంటే అక్కడ పిన్ను వంగింది. నువ్వు దాన్ని సరిచేయబోవద్దు, ఫొటో తీసి నాకు పంపు. కూలర్ స్క్రూలను ఒక పక్కే మరీ బిగించినా ప్రాసెసర్ మీద ఒత్తిడి అసమానమై ర్యామ్ బోర్డుకు కనిపించకపోవచ్చు. అందుకే స్క్రూలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి.

ఇవన్నీ చేసినా మార్పు రాకపోతే బోర్డును బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టు. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, పవర్ సప్లై, అవసరమైతే గ్రాఫిక్స్ కార్డు, ఇంతకు మించి ఏదీ తగిలించకు. బోర్డు పెట్టె మీద లేచి, అవే భాగాలతో క్యాబినెట్‌లో లేవకపోతే షార్ట్ క్యాబినెట్‌లో ఉండవచ్చు. రెండు చోట్లా లేస్తే మిగతావి ఒక్కొక్కటిగా కలుపుతూ రా. ఈ మెట్టుకు వచ్చేముందు బయోస్‌ను కూడా ఒకసారి రీసెట్ చెయ్యి. కరెంటు తీసేసి, సీఆర్2032 బ్యాటరీ బిళ్ళను కొన్ని నిమిషాలు బయట ఉంచితే చాలు.

తెర వెలిగాక మొదట బయోస్‌లోకి వెళ్ళి ప్రాసెసర్ వేడి చూడు. ఊరికే ఉన్నప్పుడు సాధారణంగా 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉండాలి. చూస్తుండగానే 90 వైపు ఎగబాకితే వెంటనే ఆపి, కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీయకుండా ఉండిపోయిందేమో, కూలర్ ఫ్యాన్ తీగ సీపీయూ ఫ్యాన్ పిన్నులకే తగిలిందో లేదో చూడు. 6000 అని రాసి ఉన్న ర్యామ్ మొదట తక్కువ వేగంలో నడవడం లోపం కాదు. బయోస్‌లో ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో అనే ర్యామ్ వేగపు అమరిక ఆన్ చేస్తేనే ఆ వేగం వస్తుంది. ఆన్ చేశాక యంత్రం మాటిమాటికీ ఆగిపోతుంటే ఆ అమరికను మళ్ళీ ఆపేసి, మెమ్‌టెస్ట్86 అనే పరీక్ష ప్రోగ్రాంతో ర్యామ్‌ను రాత్రంతా పరీక్షించు. ఎస్‌ఎస్‌డీ (ఫైళ్ళు దాచే డిస్కు) కనిపించకపోతే మాన్యువల్ చూడు. కొన్ని బోర్డుల్లో ఎస్‌ఎస్‌డీ కూర్చునే ఒక ఎం.2 స్లాట్ వాడితే, డిస్కుల తీగలు తగిలే సాటా పోర్టులు ఒకటో రెండో ఆగిపోతాయి.

పవర్ సప్లై గురించి రెండు మాటలు గట్టిగా చెబుతున్నాను. దాన్ని ఏ పరిస్థితిలోనూ విప్పకు, తీగ ఊడదీసినా దాని లోపల ప్రాణం తీసే కరెంటు నిలిచి ఉండవచ్చు. ఒక పవర్ సప్లై తీగలు మరో దానికి వాడకు. ప్లగ్ చక్కగా పట్టినా పవర్ సప్లై వైపు పిన్నుల అమరికకు ఉమ్మడి ప్రమాణం లేదు, డిస్కులూ బోర్డులూ ఒక్క క్షణంలో మాడిపోతాయి.

ఈ రాత్రికి మానిటర్ తీగ, 8 పిన్నుల కనెక్టర్, ఒకే ర్యామ్, పావుగంట ఎదురుచూపు, ఈ వరుసలో చూడు. అప్పటికీ నల్లగానే ఉంటే రేపు ఉదయం ఫోను చెయ్యి. ఏ లైటు ఆరకుండా నిలిచిందో, ఎంతసేపు వేచి ఉన్నావో నీ నోటు పుస్తకంలోంచి చదివి చెప్పు.

నీ మామయ్య