అమ్మ చిక్కిపోతోంది... వయసు వల్లేనా?

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు. ఊళ్లో ఒక్కతే ఉంటుంది. ఐదు నెలల కిందట 52 కిలోలుండేది, ఇప్పుడు 46. పదేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతోంది. ఆకలి లేదంటూ రెండు పూటలా చారన్నం, మజ్జిగన్నంతోనే సరిపెడుతోంది. కట్టుడు పళ్లు వదులయ్యాయని తీసి పక్కన పెట్టేసింది. ఈ వయసులో చిక్కడం మామూలేనా? ప్రొటీన్ పౌడర్ ఇవ్వొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: మామూలు కాదమ్మా. ఆరు నెలల్లో అనుకోకుండా బరువు 5 శాతం తగ్గితేనే కారణం వెతకాలి. మీ అమ్మగారు 11 శాతానికి పైగా తగ్గారు. పోయింది కొవ్వొక్కటే కాదు, కండ కూడా. టైలర్ టేపుతో పిక్క లావుగా ఉన్నచోట కొలవండి. 31 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే కండ కరిగినట్టు అనుమానించాలి. పాదాల వాపు ఉంటే మాత్రం ఈ కొలతనూ తూకాన్నీ నమ్మకండి, నీరు ఆ లోటును కప్పేస్తుంది.

ముందు చూడాల్సింది మాత్రల సంగతి. తిండి సగమై గ్లిమెపిరైడ్ డోసు అలాగే ఉంటే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, అయోమయం, తెల్లవారుజామున తలనొప్పి కనిపిస్తే వెంటనే షుగర్ చూడండి. డోసు మీరే మార్చకుండా ఈ వారంలోనే డాక్టర్‌తో మాట్లాడండి. మెట్‌ఫార్మిన్ కొందరిలో ఆకలిని చంపుతుంది, ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ కూడా తగ్గొచ్చు. సీబీపీ (రక్తకణాల లెక్క), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), థైరాయిడ్, బి12, ఛాతీ ఎక్స్‌రే చేయించండి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కళ్లె పరీక్ష తప్పనిసరి, షుగర్ ఉన్నవారికి టీబీ ముప్పు ఎక్కువ. పళ్ల సెట్టు సరిచేయించడమూ వైద్యమే. నమలలేకే చాలామంది పప్పూ కూరా మానేసి చారుకు దిగుతారు. ఒంటరితనం, దిగులు కూడా ఆకలిని తీసేస్తాయి, అడిగి చూడండి.

ఇక తిండి. 46 కిలోల మనిషికి రోజుకు 46 నుంచి 55 గ్రాముల ప్రొటీన్ కావాలి. చారన్నం, మజ్జిగన్నాలతో 20 గ్రాములు దాటడమే కష్టం. ఒక్కసారి ఎక్కువ పెట్టకుండా ఐదారు విడతలుగా పెట్టండి. ఉదయం 200 మిల్లీలీటర్ల పాలతో రాగి జావ, తర్వాత మెత్తటి ఇడ్లీ, పల్లీ చట్నీ. పదకొండింటికి ఉడికించిన గుడ్డు. మధ్యాహ్నం 30 గ్రాముల కందిపప్పుతో ముద్దపప్పు, చెంచా నెయ్యి, కప్పు గట్టి పెరుగు. పప్పును జారుగా చేస్తే గిన్నె నిండుతుంది గానీ బలం రాదు. సాయంత్రం 20 గ్రాముల పల్లీలు మెత్తగా పొడి చేసి ఇవ్వండి. రాత్రి పెసరట్టు, ఇంకో గుడ్డు, పడుకునే ముందు గ్లాసు పాలు. భోజనానికి ముందు టీ, మజ్జిగ వద్దు, పొట్ట వాటితోనే నిండిపోతుంది.

షుగర్ భయంతో గుడ్డు, పప్పు, నెయ్యి మాన్పించకండి. పౌడర్ ఇవ్వాలంటే ముందు క్రియాటినిన్ చూడాలి. కిడ్నీ దెబ్బతిని ఉంటే పైన చెప్పిన కొలతలు కూడా మారతాయి. పౌడర్ తిండికి తోడుగానే ఉండాలి, భోజనం బదులుగా కాదు. రోజూ కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోమనండి. కదలకుండా తింటే కండ పెరగదు.

ఐదు రోజులకు పైగా దాదాపు ఏమీ తినకపోతే ఇంట్లో ఒక్కసారిగా ఎక్కువ తినిపించవద్దు. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండెకు ముప్పు రావొచ్చు. అప్పుడు ఆసుపత్రిలోనే మొదలుపెట్టాలి. మింగుతుంటే పొలమారినా, మలం నల్లగా వచ్చినా ఆగకుండా తీసుకెళ్లండి. వారానికోసారి ఒకే రోజు, ఉదయం ఏమీ తినకముందు తూచి రాసి పెట్టండి. పరీక్షల రిపోర్టులతోపాటు ఆ కాగితాన్నీ డాక్టర్‌కు చూపించండి.