గడ్డ తీయించిన కుక్కకు అన్నం మానిపించాలా?

మీ తొమ్మిదేళ్ల ఆడకుక్కకు పొదుగు దగ్గర లేచిన క్యాన్సర్ గడ్డ తీయించి కీమో ఇంజెక్షన్లు మొదలుపెట్టారని, అన్నం క్యాన్సర్‌ను పెంచుతుంది కనుక అది పూర్తిగా మాన్పించి పచ్చిమాంసం పెట్టమని ఎవరో చెప్పారని రాశారు. రెండేళ్ల క్రితం బరంపురంలో మా కుక్క విషయంలో నేనూ ఇదే సలహా విన్నాను, అన్నం విషయంలో పది రోజులు పాటించాను కూడా.

క్యాన్సర్ కణాలు గ్లూకోజును విరివిగా వాడుకుంటాయన్న మాట నిజమే. కాని అన్నం ఆపినా కాలేయం మాంసకృత్తుల నుంచి గ్లూకోజును తయారుచేస్తూనే ఉంటుంది, కాబట్టి ఆకలితో మాడేది గడ్డ కాదు, కుక్క కండ. పచ్చిమాంసం మాత్రం ఇప్పుడు అసలు వద్దు. కీమోతో తెల్లరక్తకణాలు తగ్గినప్పుడు మాంసంలోని సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియాను తట్టుకునే శక్తి ఒంటికి ఉండదు.

మీరు ముందుగా చూడవలసింది బరువు. మా కుక్క 16 కిలోల నుంచి నెలలో 13.5 కిలోలకు దిగిపోయినా, ఒత్తుగా ఉన్న బొచ్చు వల్ల మాకు తెలియలేదు; వీధి చివరి బియ్యం కొట్టులో బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టాకే గుండె గుభేలుమంది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అక్కడే తూచాము. 16 కిలోల కుక్కకు కదలకుండా పడుకున్నా రోజుకు సుమారు 560 క్యాలరీలు కావాలి, తిరిగి పుంజుకోవాలంటే అంతకంటే ఎక్కువే కావాలి.

నేను చేసిన పెద్ద పొరపాటు చేదు మాత్రలను కోడిమాంసంలో దాచి పెట్టడం. వికారంగా ఉన్నప్పుడు తిన్న తిండిని కుక్క ఆ వికారంతోనే ముడిపెట్టుకుంటుంది; తరువాత చాలా నెలలు అది కోడి వాసనకే ముఖం తిప్పేసేది. అందువల్ల పెదవులు నాకుతూ, చొంగ మింగుతూ గిన్నె దగ్గర నుంచి వెనక్కి వెళితే బలవంతంగా తినిపించకండి. ఆ రోజు మార్చవలసింది తిండి కాదు, వాంతి, వికారం తగ్గించే మందు సంగతి డాక్టరుగారితో మాట్లాడాలి.

చివరికి మాకు అక్కరకొచ్చినవి గోపాలపురం తీరం నుంచి వచ్చే నూనె కవళ్ళు (సార్డిన్ చేపలు). వాటిలో మాంసకృత్తులతోపాటు ఒమేగా-3 కొవ్వులు కూడా ఉంటాయి. ఉప్పూ కారమూ లేకుండా ఉడికించి, ముళ్లు తీసి, రోజుకు పావుకిలో చేప, రెండు ఉడికిన గుడ్లు, గిన్నెడు మెత్తటి అన్నం, అర చెంచా గుడ్డుపెంకు పొడి చొప్పున నాలుగు పూటలుగా పెట్టాము. ఆ పొడి కాల్షియం కోసం. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే అడగకుండా వేయకండి. ఇంటి వంటలో జింకు, అయోడిన్, విటమిన్ల కొరత తప్పదు కనుక ఎన్ని నెలలు ఇలా పెడతారో డాక్టరుగారికి చెప్పి, తగిన మిశ్రమం రాయించుకోండి. గోరువెచ్చగా పెడితే వాసన తేలి, అదే మూతి చాస్తుంది. పక్కింటి మావుసి (పిన్నిగారు) ప్రేమతో పఖాళ, అంటే నీళ్లలో నానబెట్టిన అన్నం, తెచ్చేవారు, మా అమ్మ చోడి (రాగి) అంబలి కాచేది. రెండూ నీళ్లతో కడుపు నింపేవే కాబట్టి పక్కన పెట్టాము. మీ ఇంట్లో మిగిలిన చేపల పులుసు మాత్రం ఎవరూ కలపకుండా చూసుకోండి, అందులోని ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి.